వంటింటి అలమార మూల

హైదరాబాదు నగరమునకు తూర్పు దెసను దిల్‌సుఖ్‌నగరు, లాల్ బహదూర్ నగరు అను జనసమ్మర్దము గల ప్రాంతములు కలవు. విజయవాడ నుండి వచ్చు జాతీయ రహదారి ఈ మార్గముననే నగరమును ప్రవేశించును. పూర్వమిచ్చట పొలములును తోటలును ఉండెడివి. దిల్‌సుఖ్ రామ్ అను భూస్వామి తన భూమిని ఇండ్ల స్థలములుగా విభజించుటచే దిల్‌సుఖ్‌నగరునకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. లాల్ బహదూర్ నగరు మన ప్రధానిగా నుండిన లాల్ బహదూర్ శాస్త్రి పేరున వెలసినది. జనులు దానిని ఎల్.బి. నగరని క్లుప్తముగా పిలుతురు. అది చిరకాలము ప్రత్యేక పురపాలక సంఘముగా నుండి, 2007వ సంవత్సరమున హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమాయెను. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి మెట్రో రైలు ఎల్.బి. నగరు వరకు నడువ నారంభించెను. పొలములున్న తావుల నేడు నాలుగైదు అంతస్తుల గృహసముదాయములు నిలిచియున్నవి.

ఆ యిండ్లలో వేనింటి వంటగదిలోనికి పోయి చూచినను నల్లరాతి వంటగట్టు, దాని క్రింద వరుసగా అమర్చిన చెక్క అలమారలు కానవచ్చును. మన తాతల నాటి వంటయిండ్లలో నివి లేవు. గోడలలో గూళ్ళుండెడివి. పాలు, పెరుగు ఉట్టిపై నుండెడివి. ఊరగాయ జాడీలు అటక యెక్కెడివి. విలువగల పాత్రలు భోషాణములో భద్రముగా నుండెడివి. ఆ భోషాణముల మూలలను పరికించినవారికి ఒక విశేషము కనబడును. ఎనిమిది మూలలకును ఇత్తడి రేకులు తొడిగి చీలలు కొట్టియుందురు. అది అలంకారము కొరకు మాత్రమే కాదు. పెట్టెను జరిపినపుడు మొదట దెబ్బ తగులునది మూలకేనని ఆనాటి పనివారెరుగుదురు.

గోడ వెంట వరుసగా అలమారలను బిగించి, చేతికందునంత దూరములో సమస్త వస్తువులును అమర్చు పద్ధతి ఐరోపా ఖండమునుండి వచ్చినది. 1926వ సంవత్సరమున జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున కార్మికుల కొరకు కట్టిన యిండ్లలో మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ అను స్త్రీ ఇట్టి వంటగదిని రూపొందించెను. గృహిణి వేయు ప్రతి అడుగును లెక్కించి, వృథాశ్రమ లేకుండునట్లు ఆమె దానిని అమర్చినది. అయితే ఆ వంటగది మన వంటగదివలె దినమునకు రెండుమారులు నీళ్ళతో కడుగబడునది కాదు. మన అలమారల కష్టములు పెక్కు అచ్చటనే పుట్టుచున్నవి.

అలమార మూల యెట్లు చెడునో తెలియవలెనన్న, అది దేనితో చేయబడినదో ముందు తెలియవలెను. టేకు వంటి గట్టి కలపతో చేసిన అలమారలు నేడు అరుదు. పెక్కింటిని ప్లైవుడ్డుతో చేయుదురు. చెట్టు దుంగను త్రిప్పుచు పదునైన కత్తితో కాగితపు చుట్టవలె పలుచని పొరలుగా తీసి, ఆ పొరలను ఒకదానిపై నొకటి అడ్డముగను నిలువుగను మార్చి మార్చి అంటించి, వేడితో నొక్కినచో ప్లైవుడ్డగును. పొరల సంఖ్య మూడో, అయిదో, ఏడో, ఎప్పుడును బేసి సంఖ్యయే. అట్లు చేయుటకు కారణము గలదు. కలప తడిసినపుడు నిడివిని పెరుగదు, అడ్డముగా ఉబ్బును. పల్లెలలో ఎండకాలమున బండిచక్రపు చెక్క కుంచించి ఇనుపకట్టు వదులయినపుడు, ఆ చక్రమును నీటిలో నుంచి చెక్క నుబ్బజేయుట కద్దు. ప్లైవుడ్డులో ఒక పొర ఉబ్బజూచిన దిక్కున దాని మీది పొర నిడివిగా నుండి దానిని నిలువరించును. అందుచేత పలక వెడల్పు మారదు. కాని మందము దిక్కున నిలువరించునది ఏదియు లేదు. అచ్చట పొరలను పట్టియుంచునది బంక యొక్కటే.

ఆ బంకలో భేదములున్నవి. భారతీయ ప్రమాణముల సంస్థ సాధారణ వినియోగపు ప్లైవుడ్డునకు 303 అను సంఖ్యయును, నీటి తాకిడికి నిలుచు ఓడపని రకమునకు 710 అను సంఖ్యయును గల ప్రమాణముల నేర్పరచినది. ఆ సంఖ్యలు పలకపై ముద్రింపబడియుండును. 303 సంఖ్య క్రింద రెండు తరగతులు కలవు. ఒకటి గాలిలోని చెమ్మకు మాత్రమే ఓర్చును. రెండవది మరుగునీటి పరీక్షకును కొంతవరకు నిలుచును. వీనికంటె చవుకయైనది మరియొకటి కలదు. అది కొయ్య ముక్కలను, పొట్టును బంకతో కలిపి నొక్కి చేసిన పొట్టు పలక. దానికి నీరే పరమ శత్రువు. ఒకమారు తడిసి ఉబ్బినచో, ఎంత ఆరబెట్టినను అది పూర్వపు మందమునకు రాదు. నొక్కివేయబడిన ముక్కలన్నియు విడివడి లేచును గనుక వానిని తిరిగి నొక్కుట ఇంటిలో సాధ్యము కాదు.

ఏ పలకకైనను పైభాగమున సన్మైకా రేకు అంటించియుందురు. నీరు ఆ రేకును దాటి లోనికి పోజాలదు. కావున చూచువారు అలమారకు నీటి భయము లేదని తలంతురు. కాని రేకు ముఖమునకే గాని అంచులకు లేదు. ముందు అంచునకు సన్నని పట్టీ వేయుదురు. నేలకు తగులు క్రింది అంచునకును, గోడవైపు అంచునకును సాధారణముగా నేమియు వేయరు. కానరాని భాగమునకు ఖర్చేల యని పనివాడును, అడిగి తెలిసికొనని యజమానియు దానిని విడిచిపెట్టుదురు. నేల తుడిచిన తడి, తొట్టి క్రింద కారిన చుక్క ఆ తెరచిన అంచుగుండ దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పైకి ప్రాకును.

మూలకు మరియొక శత్రువు గ్యాసు సిలిండరు. ఇంటి వాడుకకు వచ్చు సిలిండరులో 14.2 కిలోగ్రాముల వాయువుండును. ఇనుప తొడుగుతో కలిపి దాని బరువు సుమారు 30 కిలోగ్రాములు. దానిని అలమార లోనికి త్రోయునపుడును, వెలికి లాగునపుడును దాని అడుగున నున్న ఇనుప కట్టు ప్రక్కపలక మూలను ఒరసికొనును. ప్రతిమారును రవంత పెచ్చు లేచును. రేకు పగిలిన తావున నీటికి ద్వారము తెరువబడును. దెబ్బ, తడి ఒకదానికొకటి తోడ్పడును.

ఈ ప్రాంతమునకు 2020వ సంవత్సరమున పెద్ద ఆపద కలిగెను. అక్టోబరు 13వ తేదీన నగరమున కుంభవృష్టి కురిసెను. తూర్పున నున్న ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు మించి వాన పడెను. కుతుబ్‌షాహీల కాలము నాటి సరూర్‌నగరు చెరువు నిండి పొరలెను. చెరువునకు దిగువనున్న కోదండరామ్‌నగరు మొదలగు కాలనీలలోని యిండ్లలోనికి నీరు ప్రవేశించి దినముల కొలది నిలిచెను. నీరు తీసిన పిదప జనులు పరుపులు, బియ్యపు మూటలు, పాడైన వస్తువులు వీథులలో పారవేసిరి. గోడలకు బిగించిన అలమారలు మాత్రము కదలక నిలిచినవి. పైకి కడిగి తుడిచినచో అవి బాగుగనే యుండెను. లోపల నేమి జరిగినదో కొన్ని యేండ్లకు గాని తెలియలేదు.

అట్టి యింటి నొకదానిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును. దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ, పల్లపు కాలనీలో క్రింది అంతస్తున నున్న యింటిలో ఒక కుటుంబము అద్దెకుండెను. ఇల్లాలు, ఆమె కుమారుడు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువు మనుమడు, మొత్తము నలుగురు. వరదల తరువాత నాలుగేండ్లకు వారా యింటికి వచ్చిరి. ఒకనాడు తొట్టి క్రింది అలమార ప్రక్కపలక మూల విరిగి, అరచేయి వెడల్పు ముక్క ఊడి నేల బడెను. తలుపు మడతబందు సడలి ప్రక్కకు వ్రాలెను. వారు ఆ యింటిని మాసాంతమున ఖాళీ చేయవలసియుండెను. ఇంటి యజమాని వచ్చి చూచి, అలమార మీవలననే చెడినది గనుక క్రొత్తదానికగు వ్యయమును మీరిచ్చిన అడ్వాన్సునుండి మినహాయింతునని చెప్పిపోయెను. ఒక పనివాడు వచ్చి, ఒక్క మూలను బాగుచేయుట కుదరదు, వరుస మొత్తము తీసి క్రొత్తది వేయవలెనని లెక్కవేసెను. ఆ మొత్తము వారి రెండు నెలల అద్దెకు మించినది. ఇల్లాలికి ఆ రాత్రి నిదుర పట్టలేదు.

మరునాడుదయము కుమారుడు కూలీలు నిలుచు అడ్డాకు పోయి ఒక వృద్ధుడగు వడ్రంగిని తోడ్కొని వచ్చెను. తెలంగాణ పల్లెలలో వడ్లాయన యని గౌరవముగా పిలుచు కుటుంబములో పుట్టి, నాగళ్ళు, బండ్లు చేసి, పిదప నగరమునకు వచ్చినవాడతడు. వచ్చిన వెంటనే పనిముట్ల సంచి విప్పలేదు. ముందు సిలిండరు రెగ్యులేటరును కట్టించి, సిలిండరును వరండాలో పెట్టించెను. అలమారలోని గిన్నెలన్నియు తీయించెను. చేతిదీపము వేసికొని నేలపై బోర్లపడుకొని లోపలికి చూచెను.

"తాతా, విరిగిన ముక్క ఇదిగో. బంక పూసి అంటించినచో సరిపోదా?" అని మనుమడడిగెను.

"తడి చెక్కకు బంక పట్టదు బిడ్డా. ముందు నీ చేయి ఇచ్చట పెట్టి చూడు" అని అతడు బాలుని చేతిని పలక అడుగుభాగమునకు తాకించెను. అది చల్లగా, చెమ్మగా నుండెను.

తరువాత అతడు వ్రేలి కణుపుతో పలకను పైనుండి క్రిందికి కొట్టుచు పోయెను. పైభాగమున గట్టి మ్రోత వచ్చెను. నేలకు జానెడెత్తున ఆ మ్రోత మారి బోలుగా వినవచ్చెను. అచ్చట సీసపు బలపముతో గీత గీసెను. సంచిలోనుండి దబ్బనమును తీసి గీతకు పైని గ్రుచ్చెను. మొన దిగలేదు. గీత క్రింద గ్రుచ్చెను. మెత్తని మట్టిలో దిగినట్లు దిగెను. బాలుడు తన స్కేలుతో కొలిచి చూడగా, పలక మందము పైన 18 మిల్లీమీటర్లు, మూలవద్ద 23 మిల్లీమీటర్లు ఉండెను. చెదపురుగుల మట్టి గొట్టములుగాని, పుప్పి పురుగు రాల్చిన పిండిగాని యెచ్చటను లేవు. చెద యున్నచో పని వేరు విధముగా నుండెడిది. దానికి మందు కొట్టకుండ అతుకు వేయుట దొంగను లోపలనుంచి తలుపు వేసినట్లే.

తడి యెచ్చటనుండి వచ్చుచున్నదో చూడవలెను. వడ్రంగి తొట్టి క్రింది గొట్టపు కీలునకు పొడి కాగితము చుట్టి, పైన కొళాయి విప్పుమనెను. కొంతసేపటికి కాగితముపై నాణెమంత మచ్చ కనబడెను. రబ్బరు వలయము ఎండి చిట్లినది. నాగార్జునసాగరు వైపునుండి వందకుపైగా కిలోమీటర్లు ప్రయాణము చేసి, సాహెబ్‌నగరు జలాశయము మీదుగా 2004వ సంవత్సరము నుండి నగరమునకు వచ్చుచున్న కృష్ణా జలము కడపట ఆ పగులునుండి చుక్కచుక్కగా చెక్కలోనికి ఇంకుచున్నది. వలయమును మార్చినంతనే కారుట నిలిచెను. ఆ వలయపు వెల ఒక పూట కూరగాయల వెలకంటె తక్కువ.

అయినను అతడు లేవలేదు. అలమార పాదముల వద్ద నేలవరకు బిగించియున్న అడ్డుపట్టెను మరమేకులు విప్పి ఊడదీసెను. అది పొట్టు పలక. చేతిలోనికి రాగానే రొట్టెవలె విరిగెను. దాని వెనుక గోడపైనను, ప్రక్కపలక లోభాగమునను నేలకు మూరెడెత్తున అడ్డముగా ఒక గోధుమవర్ణపు చార కనబడెను. దానిని గీకగా ఎండిన ఒండ్రుమట్టి పొడిపొడిగా రాలెను.

"అమ్మా, ఇది మీరు వచ్చిన తరువాతి తడి కాదు. ఇది చెరువు నీరు వచ్చిననాటి చార. అప్పుడు పైని కడిగిరిగాని వెనుక నెవరును చూడలేదు" అని వడ్రంగి చెప్పెను.

ఇల్లాలి ముఖము తేటపడెను. "అయితే తప్పు మాది కాదని వారితో చెప్పెదవా నాయనా?"

"ఉన్నది ఉన్నట్లు చెప్పెదనమ్మా. అడుగు చెడినది వరదనీటి వలన. గొట్టము కారుట ఈ సంవత్సరపు మాట. మూల పెచ్చు లేచినది మీ సిలిండరు దెబ్బకే. రేకుపై ఇనుము గీచిన గీతలు చూడుడు." ఆమె చూచి మారు పలుకలేదు.

ఆ సాయంకాలము యజమానిని పిలిపించి చారను చూపిరి. అతడు మొదట విసుగుకొనెను. పిదప తానును నేలపై కూర్చుండి గోరుతో ఆ మట్టిని గీకి చూచెను. అడ్డుపట్టెకును, గొట్టమునకును అగు వ్యయము తనదనియు, మూల అతుకునకగునది వారు పెట్టుకొనవలెననియు ఒప్పుకొనెను. అడ్వాన్సు ప్రసక్తి మరల రాలేదు.

పని మాత్రము వెంటనే మొదలు కాలేదు. ఎనిమిది దినములు అలమార తలుపులు తెరచి, అడుగున గాలి తగులునట్లు పంకా పెట్టి ఉంచిరి. బాలునికి ఓపిక లేకపోయెను. నిప్పు కుంపటి పెట్టినచో ఒక్కపూటలో ఆరునుగదా యని అతని వాదము. వేడి తగిలినచో పైపొర త్వరగా ఎండి కుంచించును, లోపొర తడిగానే యుండును, రెండింటి పోరులో పైపొర చిట్లును. గ్యాసు గొట్టమున్న గదిలో కుంపటి మాట అటుంచి, చెక్కకే అది హాని. బాలుడు ప్రతిదినము స్కేలుతో కొలిచి గోడ క్యాలెండరుపై వ్రాసెను. 23 మిల్లీమీటర్లున్న మందము ఎనిమిదవ నాటికి 20కి దిగి అచ్చట నిలిచెను.

మిగిలిన రెండు మిల్లీమీటర్లు పొరల నడుమ నున్న సందులు. వడ్రంగి సన్నని ఉక్కురేకును ఆ సందులలో దూర్చి లోని మట్టిని దులిపెను. వైద్యులు వాడునట్టి పిచికారీని బంకతో నింపి ప్రతి సందులోనికి ఎక్కించెను. పలకకు ఇరువైపులను నూనె కాగితము పరచి, రెండు చదునైన కొయ్యపట్టెలను ఆనించి, క్లాంపు అను ఇనుప బిగింపుతో మెల్లమెల్లగా బిగించెను. సందులనుండి పొంగివచ్చిన బంకను తడిగుడ్డతో తుడిచెను. ఒక దినము దానిని ముట్టలేదు.

పూర్వము వడ్రంగులు తోలు, ఎముకలు కాచి తీసిన సరేసును వాడెడివారు. దానిని పనికి ముందు వేడిచేసి, చల్లారకముందే పూయవలెను. తడి తగిలినచో విడివడును. 1959లో ఫెవికాల్ అను పేర తెల్లబంక మన దేశమున వెలువడినది మొదలు, కాచు శ్రమ తప్పెను. కాని తెల్లబంకలన్నియు నీటికి నిలుచునవి కావు. నీటిని తట్టుకొను రకము వేరుగా గలదు. తొట్టి ప్రక్కన వాడవలసినది అదియే. అంగడిలో పేరు చూచి కొనుట చాలదు, డబ్బాపై రకమును చదువవలెను.

ఊడిపోయిన మూలను పూడ్చుట తరువాతి పని. ఇచ్చట రెండు మార్గములున్నవి. పెచ్చు చిన్నదై, బరువు మోయని తావున నున్నచో పూడికతో సరిపుచ్చవచ్చును. మెత్తని రంపపు పొట్టును బంకతో ముద్దచేసి నింపుట పాత పద్ధతి. కొండపల్లి బొమ్మల పనివారు తేలికయగు పొనికి చెక్కతో అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో వానిని అతుకుట ప్రసిద్ధము. అతికిన తావు రంగు క్రింద కానరాదు. వంటింటి అలమార పూడికయు ఆ మక్కునకు చుట్టమే. ఒక భేదము మాత్రము గలదు. బంక కలిపిన పొట్టు ఆరునపుడు కుంచించును గనుక లోతుగా నున్న గుంటను ఒక్కమారు నింపరాదు. పొర ఆరిన పిదప పొర వేయవలెను. దెబ్బలు తగులు మూలకైనచో రెండు ముద్దలుగా వచ్చు ఎపాక్సీ లప్పమును సమముగా కలిపి వాడుట మేలు. అది రాయివలె గట్టిపడును, కుంచించదు. దానికి పట్టు చిక్కుటకై గుంటలో రెండు మూడు చిన్న ఇత్తడి చీలలను తలలు లోపలనే యుండునట్లు దిగగొట్టుదురు.

ఈ యింటి మూల అట్టిది కాదు. ఊడిన ముక్క అరచేయి వెడల్పు. పైగా తలుపు మడతబందు దానికి సమీపముననే యున్నది. లప్పము మరమేకును మోయజాలదు. కావున వడ్రంగి చెక్క అతుకునే వేయ నిశ్చయించెను. విరుగుడు అంచు వంకరటింకరగా నుండగా దానికి సరిపడు ముక్కను చేయుట యెవరితరము కాదు. అందుచేత విరిగిన భాగమునకు చుట్టునున్న మెత్తని చెక్కను గట్టి చెక్క తగులువరకు రంపముతో కోసి తీసివేసెను. బాలునికి ఆశ్చర్యము కలిగెను. బాగుచేయ వచ్చినవాడు మరింత కోయుచున్నాడేమి యని అతడు తల్లివంక చూచెను. కోత నిలువుగా గాక ఏటవాలుగా సాగెను. ఏటవాలు కోతలో బంక పట్టు తలము వెడల్పగును. ఆ అతుకు నిలువు అతుకు కంటె చాల గట్టిది.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకను ఇంతపనికి కొననక్కరలేదు. అలమారలు చేయు పనివారి వద్ద కోయగా మిగిలిన ముక్కలు కుప్పలుగా నుండును. వడ్రంగి అట్టి ముక్క నొకదానిని తెచ్చెను. 710 ముద్ర సగము దానిపై కనబడుచుండెను. ముక్క పైపొర నార ఏ దిక్కున నున్నదో చూచి, పాత పలక నారతో కలియునట్లు గుర్తుపెట్టెను. కొలత కంటె వెంట్రుకవాసి పెద్దదిగా కోసెను. పెద్దదానిని తగ్గింపవచ్చును, చిన్నదానిని పెంచుటకు వీలులేదు. పొడిగా అమర్చి చూచి, ఎత్తైన తావులను ఉలితో తరిగి, మరల అమర్చెను. ఇట్లు నాలుగుమార్లు చేసెను. ఉలిని పట్టినపుడెల్ల అతని రెండవ చేయి ఉలి వాదరకు వెనుకనే యుండెను. ఇది బాలుడు ప్రత్యేకముగా గమనించిన సంగతి.

మూలమట్టము ఆనించి మూల సరిగా వచ్చినదని చూచిన పిదప, రెండు తలములకును బంక పూసి అతికించి బిగించెను. ఇరువది నాలుగు గంటలు గడచిన తరువాత బిగింపు విప్పి, పైకి పొడుచుకొని వచ్చిన భాగమును చిత్రిక పట్టెను. ఉప్పు కాగితమని వ్యవహరించు గరుకు కాగితములో మొదట 80 సంఖ్యది, పిదప 120, కడపట 220 సంఖ్యది వాడి నునుపు చేసెను. రేకు అంచువద్ద రుద్దునపుడు లోనివైపునకే త్రోయవలెను. వెలుపలికి రుద్దినచో రేకు లేచును. ప్లైవుడ్డు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక అతడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, బాలునికిని కట్టించెను.

రేకు రంగు కలియుట కష్టమైనది. పాత రేకు పదియేండ్ల నూనెపొగకు పసుపుబారినది. అదే రకపు క్రొత్త రేకు తెచ్చినను తెల్లగా కనబడును. కొందరు పనివారు ఇచ్చట చాల కాలము వృథాచేయుదురు. ఈ వడ్రంగి అలమార లోపలి అరలో కనబడని తావునుండి జానెడు పాత రేకును వేడి ఇస్త్రీపెట్టెతో మెత్తబరచి ఊడదీసి అతుకుపై వేసెను. క్రొత్త రేకును లోపలి అరలో వేసెను. రేకు అంటించు రబ్బరు జిగురు త్వరగా మండునది. ఆ పని జరుగునంతసేపు కిటికీలు తెరచియుంచి, ఇంటిలో పొయ్యి వెలిగింపనీయలేదు. ఆ మధ్యాహ్నము వారికి భోజనము పొరుగింటినుండి వచ్చెను.

ఇంతతో చూచువారి కన్నులకు పని పూర్తియైనట్లే. వడ్రంగి మాత్రము మరల నేలపై బోర్లపడుకొనెను. ప్రక్కపలకల క్రింది అంచులకును, గోడవైపు అంచులకును, గొట్టము కొరకు పలకలో తొలిచిన రంధ్రపు అంచునకును కుంచెతో నీరు సోకని వార్నీషును మూడు పూతలు వేసెను. ప్రతి పూతకును నడుమ నాలుగు గంటలు ఆగెను. చేయి పట్టని సందులో ఒక పుల్లకు గుడ్డపీలిక చుట్టి పూసెను. రాతిగట్టునకును తొట్టికిని నడుమనున్న సందును సిలికాను పూతతో మూసెను. అలమార అడుగున నాలుగు మూలలను ప్లాస్టిక్కు పాదములను బిగించి పలకను నేలనుండి అంగుళమెత్తు లేపెను. తీసివేసిన పొట్టు అడ్డుపట్టెకు మారుగా నీటికి చెడని ప్లాస్టిక్కు పలకను, కావలసినపుడు చేతితో ఊడదీయుటకు వీలగునట్లు అమర్చెను. అతుకు వేసిన మూలకు మడిచిన అల్యూమినియము పట్టెను తొడిగి రెండు మరమేకులతో బిగించెను.

"మన యింటిలో భోషాణమునకు ఇట్లే ఇత్తడిరేకు ఉండెడిది" అని ఇల్లాలు మనుమనితో ననెను.

మొత్తము పని జరిగినది నాలుగు దినములు. ఆరుటకు ఎదురుచూచినది ఎనిమిది దినములు. వడ్రంగి ఆ ఎనిమిది దినములకును కూలి అడుగలేదు. ఇల్లాలు కొంత ఎక్కువ ఇవ్వబోగా, ముందనుకొన్న మొత్తము తీసికొని, మిగిలిన ముక్కలతోను నాలుగు చిన్న చక్రములతోను సిలిండరునకు ఒక పీటను చేసి ఇచ్చెను. సిలిండరును దానిపై నిలిపి బాలుడు ఒక్క వ్రేలితో లోనికి త్రోసెను. అది మూలకు రెండంగుళముల దూరముననే పోయి నిలిచెను.